బొటనవేలి బొమ్మ

పిల్లలూ, బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజు మీ ఇంట్లో మొదట దేనికోసం వెతుకుతారు? మా ఇంట్లో అయితే అట్టపెట్టెలకోసం. మంచం కింద మడిచి పెట్టిన పాత పెట్టెలు బయటికొస్తాయి. వాటిమీద మార్కర్ పెన్నుతో రాసిన ఊళ్ళ పేర్లు ఇంకా ఉంటాయి. బబీనా కొట్టేసి దులియాజాన్, దులియాజాన్ కొట్టేసి బాలాసోర్, బాలాసోర్ కొట్టేసి సూరత్. వంటసామాను పెట్టె మీదైతే ఇక రాయడానికి చోటే లేదు.

ఒక్క వస్తువును మాత్రం మేము ఏ పెట్టెలోనూ పెట్టం. అది మా చేతిసంచిలోనే వస్తుంది. అరచేతిలో పట్టే నల్లటి హార్డ్ డిస్కు. మా అమ్మాయి పుట్టినప్పటినుంచీ తీసిన వీడియోలన్నీ అందులోనే ఉన్నాయి. లారీ వాళ్ళు బీరువా అద్దం పగలగొట్టినా, మిక్సీ మూత పోగొట్టినా మేము పెద్దగా బాధపడలేదు కానీ, ఈ డిస్కు రైల్లో పక్కసీటు కిందికి జారితే మాత్రం పెట్టెలో ఉన్నవాళ్ళందర్నీ లేపేశాం.

అలాంటిదాన్ని పోయిన దీపావళి సెలవుల్లో మా చేతులతో మేమే సగం ఖాళీ చెయ్యబోయాం. ఆ సంగతే ఇది.

మేము సూరత్‌కు 2023లో వచ్చాం. ఇల్లు గోడాదరాలో తీసుకున్నాం. విద్యాలయానికి దూరమే, రోజూ రెండు ఆటోలు మారాలి. అయినా ఆ ఇల్లే ఎందుకంటే, ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజు కూరగాయల బండి దగ్గర ఒకావిడ "గీ బెండకాయ ముదిరింది, నాకొద్దు" అనడం వినబడింది. పదేళ్ళుగా బజారులో తెలుగు వినని మాకు ఆ ముదిరిన బెండకాయ మీద కూడా ప్రేమ పుట్టింది. గోడాదరా, లింబాయత్, పర్వత్ పాటియా వైపు తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలు ఎన్నో తరాలుగా ఉంటున్నాయి. వరంగల్లు, కరీంనగర్, నల్గొండ వైపు నుంచి మరమగ్గాల మీద పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఇక్కడి కార్పొరేషన్ బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉందంటే మా బంధువులు నమ్మలేదు.

మా కింది వాటాలో ఉండే తాత కూడా అలా వచ్చినవాడే. మరమగ్గాన్ని ఆయన సాంచె అంటాడు. ఆయన మనవడు సాంచె ఎక్కలేదు. రింగు రోడ్డు మీద ఒక చీరల దుకాణంలో పనిచేస్తాడు. అతని పని చీరలు అమ్మడం కూడా కాదు, చీరల వీడియోలు తియ్యడం. అంచు, కొంగు, జాకెట్టు ముక్క చూపిస్తూ అరనిమిషం వీడియో తీసి, దేశమంతా ఉన్న వ్యాపారులకు వాట్సాప్‌లో పంపాలి. ఈ అబ్బాయి కథలోకి తర్వాత వస్తాడు.

దీపావళి సెలవుల్లో మా అమ్మాయికి ఒక పని ఇచ్చారు. "నేను నివసించిన ఊళ్ళు" అని చార్టు చెయ్యాలి. మీలో చాలామంది ఇలాంటిది చేసే ఉంటారు. సొంత ఊరు గురించి రాయమంటే మనకు ఎప్పుడూ కొంచెం తికమకే కదా! అమ్మాయికి బాలాసోర్ బాగా గుర్తుంది, దులియాజాన్ కొంచెం గుర్తుంది, తను పుట్టినప్పటి బబీనా అసలు గుర్తులేదు. పాత ఇళ్ళ వీడియోలు చూపిస్తే బొమ్మలు గీసుకుంటానంది. సరే అని డిస్కును లాప్‌టాప్‌కు తగిలించాం.

ఏముందక్కడ? వందల ఫైళ్ళు. ఒక్కదాని మీదా లోపలి బొమ్మ కనబడటం లేదు. కొన్నిటిమీద ఫిల్ము గుర్తు, కొన్నిటిమీద నారింజ రంగు కోను గుర్తు. పేర్లు చూసి పోల్చుకుందామంటే అన్నీ అంకెలే. పెళ్ళిలో అందరికీ ఒకే రంగు బట్టలు కట్టి వరసగా నిలబెడితే మన మేనత్త ఎవరో ఎలా తెలుస్తుంది?

ఒక్కొక్కటీ నొక్కి చూశాం. మొదటిది నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంది, తెరనిండా పిచ్చి గీతలూ చుక్కలూ. అది పాత నోకియా ఫోనులో తీసిన త్రీజీపీ ఫైలు. రెండోది చండీపూర్ వీడియో, బాలాసోర్ దగ్గరి సముద్రతీరం, చక్కగా ఆడింది. మూడోది, నాలుగోది, ఐదోది, అన్నీ ఎమ్‌ఓవీ అని చివర ఉన్నవి, నల్లటి తెర చూపించి ఊరుకున్నాయి. స్పీకరు కట్టేసి ఉందన్న సంగతి అప్పుడు మాకు తట్టలేదు.

"ఇవి పాడైపోయాయి" అని తేల్చేశాం. ఒకటికి ముగ్గురం తేల్చాం. ముందు ఒక ప్రయోగం కూడా చేశామండోయ్. ఒక ఫైలు పేరు చివర ఎమ్‌ఓవీ తీసేసి ఎమ్‌పీ4 అని రాశాం. కంప్యూటర్ ఒకసారి హెచ్చరించింది, మేము వినలేదు. ఫలితం శూన్యం. సీసా మీద చీటీ మారిస్తే లోపలి నువ్వులనూనె నెయ్యవుతుందా?

డిస్కులో చోటు కూడా అయిపోయింది. విద్యాలయ వార్షికోత్సవం వీడియోలు దాచే బాధ్యత ఆ ఏడాది మాకే ఇచ్చారు. పాడైనవాటిని తీసేస్తే వాటికి చోటు దొరుకుతుంది. ఎమ్‌ఓవీ ఫైళ్ళన్నీ ఎంచుకున్నాం, మూడువందల పైచిలుకు. షిఫ్టు మీద ఒక వేలు, డిలీట్ మీద ఒక వేలు. అలా నొక్కితే చెత్తబుట్టలోకి కూడా వెళ్ళవు, నేరుగా పోతాయి.

అప్పుడు మా అమ్మాయి "ఒక్కసారి సౌండ్ పెట్టండి" అంది. ఎందుకంది అంటే, నల్లటి తెర కింద గీత మీద చుక్క కదులుతోందట. పాడైపోతే ఎందుకు కదులుతుంది అని దాని ప్రశ్న.

సౌండ్ పెట్టాం.

"...ఇది వంటగది. ఈ కిటికీలోంచి చూస్తే జామచెట్టు. జామచెట్టుకు కాయల్లేవు. ఉన్నాయేమో, కోతులు తినేశాయి."

మా నాన్నగారి గొంతు.

నాన్నగారు 2021లో పోయారు. చీరాలలో. ఆ వేసవిలో మేము బాలాసోర్ నుంచి వెళ్ళలేకపోయాం. ఆయన ఫొటోలు మా దగ్గర ఉన్నాయి గానీ గొంతు ఎక్కడా లేదనుకున్నాం. ఆయన ఫోనులో మాట్లాడినవి ఎవరం రికార్డు చేసుకున్నాం కనక?

2019లో దులియాజాన్ నుంచి బదిలీ అయినప్పుడు సామాన్లు సర్దడానికి ఆయన అస్సాం దాకా వచ్చారు. మా తమ్ముడు అప్పుడే వాడి పాత ఐఫోను ఆయనకిచ్చాడు. కొత్త బొమ్మ దొరికిన పిల్లాడిలా ప్రతిదీ తీశారు. సామాన్లన్నీ లారీ ఎక్కాక మేము తాళం వెయ్యబోతుంటే ఆపి, మళ్ళీ లోపలికి వెళ్ళి గది గదీ తీశారు. ఖాళీ ఇల్లు ఎందుకండీ అంటే, "సామానున్న ఇల్లు ఎక్కడైనా ఒకటే. మన సామానే కదా అది. ఖాళీ చేశాకే ఆ ఊరి ఇల్లు కనబడుతుంది" అన్నారు. ఆ వీడియోలు తమ్ముడు తర్వాత మా డిస్కులో వేసిచ్చాడు. మేము ఒక్కసారి కూడా చూడలేదు. చూద్దాంలే అనుకుంటూ రెండు ఊళ్ళు మారాం.

గొంతు ఉంది, బొమ్మ లేదు. అమ్మాయి మళ్ళీ మళ్ళీ పెట్టి వింటోంది. మేము మాత్రం కీబోర్డు మీంచి చేతులు తీసేసి దూరంగా కూర్చున్నాం.

దీపావళి వెళ్ళాక లాభ పంచమి దాకా సూరత్ బట్టల మార్కెట్లు తెరవరు. అందుకని కింది వాటా అబ్బాయి ఇంట్లోనే ఉన్నాడు. పిలవగానే వచ్చాడు. లాప్‌టాప్ ముందు కూర్చుని రెండు ఫైళ్ళు నొక్కి చూసి, "అక్కా, ఇవి ఖరాబ్ కాలే. మీ కంప్యూటర్‌కు సదువుడు వస్తలేదు, గంతే" అన్నాడు.

పాఠాలు చెప్పుకుని బతికే మాకు ఇంతకన్నా సూటిగా చెప్పక్కర్లేదు. చదవడం రాని పిల్లవాడి చేతిలో పుస్తకం పెట్టి, పుస్తకం పాడైందని చించబోయాం.

అతను విడమరిచి చెప్పింది మీకూ పనికొస్తుంది. మీ ఇళ్ళలోనూ ఇలాంటి డిస్కులు ఉంటాయి.

ఫైలు పేరు చివర ఉండే ఎమ్‌పీ4, ఎమ్‌ఓవీ లాంటివి డబ్బా పేర్లు మాత్రమే. డబ్బాలో బొమ్మల్ని ఏ పద్ధతిలో కుదించి పెట్టారన్నది వేరే సంగతి. వీడియో అంటే క్షణానికి పాతికో ముప్ఫయ్యో బొమ్మలు. అన్నిటినీ పూర్తిగా దాస్తే ఏ డిస్కూ చాలదు. అందుకని ఒక బొమ్మను పూర్తిగా దాచి, తర్వాతివాటిలో మారినంత మేరకే రాసుకుంటారు. అలా కుదించి, మళ్ళీ విప్పే పద్ధతిని కోడెక్ అంటారు. చాలాకాలం అందరూ వాడింది హెచ్.264, అది 2003లో వచ్చింది. 2013లో హెచ్.265 వచ్చింది, దాన్నే హెచ్‌ఈవీసీ అంటారు. అంతే నాణ్యతకు దాదాపు సగం చోటు చాలు దానికి. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పటినుంచి ఐఫోన్లు దానిలోనే తియ్యడం మొదలుపెట్టాయి. నాన్నగారి వీడియోలు అవే. మా విండోస్ 10 లాప్‌టాప్‌కు ఆ పద్ధతి విప్పడం రాదు. ధ్వని మామూలు పద్ధతిలోనే ఉంది కనుక అది వినిపించింది.

ఇంకో సంగతి మాకు అసలు తెలియదు. వీడియోను ఆడించేవాడు ఒకడు, ఫోల్డరులో దాని మీద చిన్న బొమ్మ చూపించేవాడు మరొకడు. ఇద్దరూ వేరువేరు పనివాళ్ళు. వీఎల్‌సీ ప్లేయరు తన కోడెక్‌లు తనే తెచ్చుకుంటుంది కాబట్టి ఎమ్‌ఓవీ ఫైలును అందులో తెరిస్తే వెంటనే ఆడుతుంది. మా లాప్‌టాప్‌లో అది మొదట్నుంచీ ఉంది! నారింజ కోను గుర్తు దానిదే. కానీ అది ఉన్నంతమాత్రాన ఫోల్డరులో బొమ్మలు రావు. చిన్న బొమ్మ తయారుచేసేది విండోస్. దానికి విడిగా హెచ్‌ఈవీసీ ఎక్స్‌టెన్షన్ అన్నది మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి తెచ్చి పెట్టాలి. పెద్ద ఖరీదేం కాదు.

ఆ కోను గుర్తు కథ మీకు నచ్చుతుంది. వీఎల్‌సీ 1996లో ఎకోల్ సెంత్రాల్ పారిస్ అనే ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు మొదలుపెట్టిన పని. వాళ్ళు రోడ్ల మీద పెట్టే ట్రాఫిక్ కోన్లు పోగుచేసేవాళ్ళట, అందుకే ఆ గుర్తు. 2001లో దాన్ని అందరూ ఉచితంగా వాడుకునేలా, మార్చుకునేలా విడుదల చేశారు. సూరత్‌లో మెట్రో పనుల దగ్గర వరసగా ఆ కోన్లే కనబడతాయి. మా అమ్మాయి ఇప్పుడు ఆటోలోంచి వాటిని చూపించి "అదిగో వీఎల్‌సీ" అంటుంది.

సరే, ఎక్స్‌టెన్షన్ పెట్టాం. అయినా చిన్న బొమ్మలు రాలేదు. చండీపూర్ వీడియో మామూలు ఎమ్‌పీ4, దాని మీద కూడా లేదంటే కోడెక్ ఒక్కటే కారణం కాదు. అబ్బాయి ఫోల్డరులో వ్యూ మీద నొక్కి, ఆప్షన్స్‌లోకి వెళ్ళి చూపించాడు. "ఆల్వేస్ షో ఐకాన్స్, నెవర్ థంబ్‌నెయిల్స్" అన్న గడిలో టిక్కు ఉంది. "ఇది ఎవలు పెట్టిండ్రు?" అన్నాడు.

ఎవరు పెడతారు, మేమే. ఏడాది కిందట లాప్‌టాప్ నెమ్మదిగా ఉందని, వేగం పెంచాలంటే "అడ్జస్ట్ ఫర్ బెస్ట్ పెర్ఫార్మెన్స్" పెట్టండని ఎవరో చెబితే మావారు పెట్టారు. అది పెడితే గుర్తులకు బదులు బొమ్మలు చూపించే టిక్కు కూడా పోతుంది. లాప్‌టాప్ వేగం ఏమాత్రం పెరగలేదు, అది వేరే సంగతి. మావారు ఆ సాయంత్రమంతా కాఫీ అడగలేదు.

ఆ టిక్కు తీసేశాం. ఆ తర్వాత డిస్క్ క్లీనప్ తెరిచి, అందులో థంబ్‌నెయిల్స్ అన్నదొక్కటే ఎంచుకుని తుడిచేశాం. ఇక్కడ మా గుండె మళ్ళీ ఆగింది. తుడవడమా? అబ్బాయి నవ్వాడు. విండోస్ ఒకసారి తయారుచేసిన చిన్న బొమ్మల్ని విడిగా ఒక చోట దాచుకుంటుంది, ప్రతిసారీ తయారుచెయ్యక్కర్లేకుండా. తుడిచేది ఆ నకళ్ళను మాత్రమే, వీడియోల్ని కాదు. పాత నకళ్ళు పోతే కొత్తవి చేసుకుంటుంది. అయినా మేము వేరే ఏ గడిలోనూ టిక్కు లేదు కదా అని మూడుసార్లు చూశాకే నొక్కనిచ్చాం. మీరూ చూడండి.

ఇక మిగిలింది ఏ ఫైలు ఎందులో తెరుచుకోవాలన్నది. ఫైలు మీద కుడివైపు మీట నొక్కి, ఓపెన్ విత్, చూజ్ అనదర్ యాప్, వీఎల్‌సీ ఎంచుకుని, కింద "ఆల్వేస్ యూజ్ దిస్ యాప్" అన్న గడిలో టిక్కు పెట్టాలి. రకానికొకసారి చెయ్యాలి, ఎమ్‌ఓవీకి ఒకసారి, త్రీజీపీకి ఒకసారి, హ్యాండీక్యామ్‌వి ఎమ్‌టీఎస్‌కి ఒకసారి. త్రీజీపీకి ఆ గడిలో నోట్‌ప్యాడ్ పెట్టిన ఘనత ఆరేళ్ళప్పుడు మా అమ్మాయిదని తేలింది. తను ఒప్పుకోలేదు.

ఫోల్డరు మూసి మళ్ళీ తెరిచాం. కాసేపు ఏమీ లేదు. తర్వాత పైవరస నుంచి ఒక్కొక్కటిగా బొమ్మలు రావడం మొదలైంది. దులియాజాన్ వరండా. వానలో తడిసిన సైకిలు. బబీనాలో మా అమ్మాయి ఉయ్యాల, దానికి కట్టిన ఎర్రరిబ్బను. హ్యాండీక్యామ్ తీసినప్పుడు దాని వయసు నాలుగు నెలలు. చండీపూర్ తీరంలో మైళ్ళకొద్దీ తడి ఇసుక. అక్కడ ఆటు వచ్చినప్పుడు సముద్రం అయిదు కిలోమీటర్ల దాకా వెనక్కి వెళ్ళిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు అమ్మాయి సముద్రం పోయిందని ఏడ్చింది, వీడియోలో ఆ ఏడుపు కూడా ఉంది. దాన్ని ఇప్పుడు మేము గుర్తుచేస్తే మొహం అటు తిప్పుకుంది.

నాన్నగారి వీడియో మీద ఏ బొమ్మా రాలేదు. అంటే, వచ్చింది, కానీ గులాబీరంగు మసక ముద్ద. ఇది కూడా పాడేనా అని దగ్గరికి వెళ్ళి చూశాం. ఆయన బొటనవేలు! లెన్సుకు అడ్డంగా పెట్టుకుని సగం వీడియో తీశారు. థంబ్‌నెయిల్ అంటే బొటనవేలి గోరని ఆ అబ్బాయికి తెలియదు, చెబితే చాలాసేపు నవ్వాడు. "అక్కా, మా సేఠ్ అయితే ఈ వీడియో పంపనియ్యడు. బొమ్మ మంచిగుంటెనే తెరుస్తరు అంటడు. మార్చాల్నా?" అన్నాడు. కావాలంటే వేరే బొమ్మ పెట్టే ఉపాయాలు ఉన్నాయట. వద్దన్నాం.

తెరిచి చూశాం. వంటగది, జామచెట్టు, గోడమీద పాప ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలు, మూలన మేము మరిచిపోయిన చీపురు. ఆయన ఎక్కడా లేరు. ఉండరు కదా, తీసింది ఆయనే. ఒకచోట వరండాలో ఎండపడి నీడ మాత్రం కనబడుతుంది, చెయ్యి పైకెత్తి ఫోను పట్టుకున్న నీడ. అమ్మాయి అక్కడ ఆపి, చార్టు మీద ఆ ఇంటి బొమ్మ గీసింది. నీడతో సహా గీసింది.

రెండో నిమిషం దాటాక తెర మళ్ళీ నల్లబడింది. చేసిన మరమ్మతంతా వృథా అయిందనుకున్నాం. అబ్బాయి వెనక్కి ముందుకి జరిపి చూశాడు. వీఎల్‌సీలో పెట్టాడు, మళ్ళీ విండోస్ ప్లేయర్లో పెట్టాడు. రెండిట్లోనూ నలుపే. చివరికి అతనే కనిపెట్టాడు. "తాత ఆపుడు మర్సిపోయిండు. జేబుల పెట్టిండు."

నిజమే. మిగిలిన నాలుగు నిమిషాలూ జేబులో చీకటి. ఆ చీకట్లో అన్నీ వినబడతాయి. తాళం పడిన చప్పుడు, లారీ డ్రైవరు అస్సామీలో ఎవరినో తొందరపెట్టడం, చినుకులు, ఆయన దగ్గు. తర్వాత కాగితం విప్పుతున్న గరగర. "అమ్మాయ్, బిస్కెట్ తింటావా? అమ్మకు చెప్పకు." ఇంకో గొంతు, ఆరేళ్ళది, "రెండివ్వండి తాతయ్యా" అంటుంది.

కింది వాటా అబ్బాయి లేచి చెప్పులేసుకుంటుంటే లడ్డూలిచ్చాం. లాభ పంచమి నాడు మార్కెట్ తెరిచారు, మళ్ళీ అతను చీరల వీడియోల్లో పడ్డాడు.

ఎమ్‌ఓవీ ఫైళ్ళన్నిటికీ ఇంకో డిస్కులో నకలు చేశాం. వార్షికోత్సవం వీడియోలకు కొత్త డిస్కు కొన్నాం. గోడాదరా ఇల్లు ఖాళీ చేసే రోజు గది గదీ తనే తీస్తానని అమ్మాయి ఇప్పటినుంచే చెబుతోంది. ఆ ఫోను సెట్టింగుల్లో కెమెరా, ఫార్మాట్స్ తెరిచి "మోస్ట్ కంపాటిబుల్" పెట్టుకుంది, ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకోవాలని. వేలు అడ్డం పెట్టకూడదని మాత్రం మేము చెప్పలేదు.